అరవై మూడు అభిప్రాయాలు

తటవర్తి కామేశం గారు ముప్ఫై ఏళ్ళు స్టీలు సామాన్లు అమ్మిన మనిషి. పాలకొల్లు బజారులో ఆయన కొట్టు ముందు నిలబడి ఏ బిందె వైపు వేలు చూపించినా, "దాని అడుగు చూడండి, ఎంత మందమో" అనేవారు. వీడియో గేములు అమ్మడం మొదలుపెట్టి నాలుగేళ్ళయినా ఆ మాట ఆయన నోటిని వదల్లేదు. కొట్టులో కుడి గోడకి గంగాళాలు, ఇడ్లీ పాత్రలు. ఎడమ గోడకి గేముల డిస్కులు. బోర్డు మీద 'వాసవీ స్టీల్ హౌస్' కింద 'అండ్ వీడియో గేమ్స్' అని కాస్త చిన్న అక్షరాలతో చేరింది.

బిందె కొన్న ఇల్లాలు మళ్ళీ పదిహేనేళ్ళ దాకా కొట్టు వైపు రాదు. గేము కొన్న మనిషి పదిహేను రోజులకే వస్తాడు. గేముల వ్యాపారంలో దిగడానికి కామేశం గారికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేకపోయింది. ఆయన ఒక్క గేమూ ఆడలేదు. ఆడాలని ఎవరైనా అంటే ఆశ్చర్యపోయేవారు. ముప్ఫై ఏళ్ళుగా అమ్మిన ఇడ్లీ పాత్రలన్నిట్లోనూ తాను ఇడ్లీలు వేసి చూశారా?

అభిప్రాయం మాత్రం ప్రతి గేము మీదా ఉండేది. నిజానికి ఒక్కొక్క గేము మీద నాలుగైదు ఉండేవి. గేములు ఆడే పెట్టెల్ని ఊళ్ళో వాళ్ళు కన్సోల్స్ అంటారు. కామేశం గారి లెక్కలో అవి మూడు: నల్లది, తెల్లది, చేతిలో పట్టుకునేది. నల్ల పెట్టె వాళ్ళకి తెల్ల పెట్టె వాళ్ళంటే పడదు. నల్ల పెట్టె మనిషి వస్తే, "తెల్లదాంట్లో ఏముందండి, పైన మెరుపు తప్ప" అనేవారు. తెల్ల పెట్టె మనిషి వస్తే, "నల్లది తొందరగా వేడెక్కుద్దండి" అనేవారు. ఇద్దరూ ఒకేసారి వస్తే చేతిలో పట్టుకునేదాన్ని పొగిడేవారు. ఎవరూ నొచ్చుకోకుండా, అందరూ ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళేవారు.

ఈ చక్కని ఏర్పాటుకి ఇద్దరు తోడల్లుళ్ళ వల్ల గండి పడింది.

పెద్దల్లుడు ముసునూరి గంగరాజు ఒక కారు పందెం గేము కొన్నాడు. వారం తర్వాత చిన్నల్లుడు అదే గేము కోసం వచ్చాడు. అప్పటికి అది అయిపోయింది. అత్తారింట్లో ఒక బారసాలలో ఇద్దరూ పక్కపక్క ఆకుల దగ్గర కూర్చున్నారు. తోడల్లుళ్ళు పక్కపక్కన కూర్చుంటే పోల్చుకోని వస్తువు ఉండదు. కామేశం గారు తనకి "ఇంతకి మించిన గేము లేదండి" అన్నారని పెద్దల్లుడు చెప్పాడు. అదే నోటితో తనకి "దాని జోలికి పోకండి, బ్రేకులు సరిగా పడవు" అన్నారని చిన్నల్లుడు చెప్పాడు. ఒకడికి మంచి గేము దక్కిందో, ఇంకొకడు మంచి సలహా పొందాడో తేల్చుకోలేక, తమ జీవితంలో మొదటిసారి ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టారు. అది ఫిర్యాదు.

పద్దెనిమిది రోజులకి కొట్టుకి ఒక మనిషి వచ్చాడు. చంకలో తోలు సంచీ, జేబులో మూడు పెన్నులు.

"తటవర్తి కామేశం అనబడు వర్తకులు తమరేనా?"

"ఆయ్, నేనేనండి. ఏం చూపించమంటారు, బిందా, గేమా?"

"నేను అభిప్రాయ ప్రమాణాల శాఖ ఇన్‌స్పెక్టరును. సనపల తిరుపతిరావు."

అలాంటి శాఖ ఒకటుందని కామేశం గారికి తెలియదు. అది పుట్టి ఏడు నెలలే అయిందనీ, అంతకుముందు తాను ఇరవై రెండేళ్ళు కాటాలకీ తూకం రాళ్ళకీ ముద్రలు వేశాననీ ఇన్‌స్పెక్టరే చెప్పాడు. తర్వాత కాగితం విప్పి చదివాడు.

"సదరు కారు పందెపు గేము విషయమై, తేదీ నాలుగున ఒక వినియోగదారునికి అనుకూల అభిప్రాయమును, తేదీ పదకొండున వేరొక వినియోగదారునికి ప్రతికూల అభిప్రాయమును తమరు సరఫరా చేసియున్నారు. అంగీకరిస్తారా?"

"రెండో ఆయన వచ్చేసరికి సరుకు అయిపోయిందండి. కొట్లో లేనిదాన్ని మెచ్చుకుంటే నాకేం ఒరుగుద్ది చెప్పండి?"

ఇన్‌స్పెక్టరు అది కూడా రాసుకున్నాడు. రాసుకున్నాక పెన్ను మూత పెట్టి, కాస్త మనిషిలా మాట్లాడాడు.

"కిలో రాయి ఎవరికి తూచినా కిలోయే గదా కామేశం గారూ?"

"కిలోయేనండి."

"పెద్దల్లుడికి కిలో, చిన్నల్లుడికి ముప్పావు కిలో అంటే ఒప్పుకుంటారా?"

"ఎలా ఒప్పుకుంటానండి?"

"మరి అభిప్రాయం ఎందుకు మారాలి?"

కామేశం గారు ఎడమ గోడ చూశారు, కుడి గోడ చూశారు. తన వ్యాపారంలో ఏ మాటకైనా ఎదురు మాట చెప్పగలిగిన మనిషి, తూకం రాయి ఎదురయ్యేసరికి శాఖ వారి నియమావళి కోసం చెయ్యి చాపారు.

నియమావళి ముప్ఫై పేజీలుంది. సారం ఇంతే. ఒక గేముకి, ఒక పెట్టె మీద, ఒక వర్తకుడికి ఒకే అభిప్రాయం. దాన్ని ముందుగా రాసిచ్చి, శాఖ వారి ముద్ర వేయించుకుని, కొట్టులో అందరికీ కనబడేలా తగిలించాలి. ముద్ర ఏడాది చెల్లుతుంది. మధ్యలో అభిప్రాయం మార్చుకోవాలంటే పదిహేను రోజులు ముందుగా దరఖాస్తు పెట్టి, రెండు దినపత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముద్ర లేని అభిప్రాయం పలకడం నేరం. కొట్టులో గేములు అరవై మూడు. గడువు అరవై రోజులు. గడువు దాటితే లైసెన్సు రద్దు.

"గేముల లైసెన్సే గదండి?" అన్నారు కామేశం గారు. "పోతే పోనివ్వండి. బిందెలమ్ముకుంటాను."

"బోర్డు ఎన్ని?"

"ఒకటేనండి."

"లైసెన్సు?"

"అదీ ఒకటేనండి."

ఇన్‌స్పెక్టరు గంగాళాల వైపు జాలిగా చూశాడు.

ఆ వారమంతా కామేశం గారు మధ్యాహ్నం బేరాల్లేని వేళ కూర్చుని అరవై మూడు ఫారాలు నింపారు. కత్తియుద్ధం గేముకి 'దృఢముగా నున్నది' అని రాశారు. బంతాట గేముకి 'ఇంటిల్లిపాదికీ సరిపడును' అని రాశారు. దెయ్యాల గేముకి 'జాగ్రత్తగా వాడినచో చాలాకాలము వచ్చును' అని రాశారు. ఒక వ్యవసాయం గేముకి ఏమీ తోచక, 'అడుగంటదు' అని రాసి, తర్వాత కొట్టేసి, కొట్టేసినచోట సంతకం పెట్టారు.

అరవై మూడు ఫారాలూ అలాగే తిరిగొచ్చాయి. ప్రతిదాని మీదా ఒకటే ఎర్ర సిరా వాక్యం: 'అభిప్రాయదారుడు సరుకును స్వయముగా అనుభవించినట్లు ఆధారము లేదు.'

కొట్టులో ఏడాదిగా అలంకారానికి ఉంచిన టీవీకి నల్ల పెట్టె తగిలించారు. యాభై ఆరేళ్ళ వయసులో కామేశం గారు ఆటకి కూర్చున్నారు. రుజువు కోసం పక్కన భార్య రత్నమాలగారు కూర్చున్నారు. నియమావళి ప్రకారం సాక్షి ఉండాలి.

కారు పందెంలో ఆయన మొదటి మలుపు దగ్గరే వెనక్కి తిరిగి, పందెమంతా ఎదురు దిశలో నడిపారు.

"అందరూ అటెళ్తుంటే మీరిటెళ్తున్నారేంటండీ?" అన్నారు రత్నమాలగారు.

"అటు రద్దీగా ఉంది."

బంతాటలో తన గోల్లోనే రెండు గోల్స్ వేసి, మూడోది వేసినప్పుడు లేచి నిలబడ్డారు. తుపాకుల గేములో మొదటి చప్పుడుకే ఒక గోడ చాటున చేరి, నలభై నిమిషాలు అక్కడే ఉన్నారు. శత్రువులు విసుగెత్తి వెళ్ళిపోయినట్టు కనిపించారు. ఇదే అన్నిటికన్నా తెలివైన పద్ధతని ఆయన నమ్మకం. దెయ్యాల గేములో దెయ్యం తలుపు తీయగానే, "ఇవాళ కొట్టు సెలవండి" అనేశారు. అది అలవాటుగా వచ్చిన మాట. రత్నమాలగారు సాక్షి కాలమ్‌లో దాన్ని కూడా రాశారు.

ఈ లోగా వ్యాపారం పడిపోయింది. ఎవరైనా వచ్చి "ఈ గేము ఎలా ఉంటుందండి?" అంటే ఆయన గోడ మీద కాగితం చూపించాలి. కాగితం మీద 'అభిప్రాయము ధ్రువీకరణలో నున్నది' అని ఉంటుంది. జనం చదువుకుని వెళ్ళిపోయేవారు. ఒక రోజు ఒక పెద్దమనిషి కత్తియుద్ధం గేము చేతిలోకి తీసుకున్నాడు. కామేశం గారు నోరు మెదపలేదు. కాని ముప్ఫై ఏళ్ళ నుంచి చేతికి సరుకందినప్పుడల్లా పైకి లేచే ఆ కనుబొమ్మ మళ్ళీ లేచింది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ఉన్నాడు.

"అది అనధికార అభిప్రాయం."

"నేనేం అనలేదండి."

"కనుబొమ్మ అంది."

"అది దానంతటదే లేచిందండి బాబూ."

"వర్తకుని శరీర భాగములు వర్తకుని పరిధిలోనివే. నియమం పంతొమ్మిది." రాసుకుంటూ ఒక క్షణం ఆగాడు. "ఎడమదా, కుడిదా?"

"మీ కుడి, నా ఎడమండి."

ఆ రోజు నుంచి కామేశం గారు కౌంటరు దగ్గర కళ్ళజోడు కిందికి దించి, కనుబొమ్మలు మూసేలా రుమాలు కట్టుకుని కూర్చునేవారు. తలనొప్పా అని ఊరంతా పరామర్శించింది.

అరవై రెండు గేములు ఎలాగో గట్టెక్కాయి. మిగిలింది ఒకటి, చేతిలో పట్టుకుని ఆడే పెట్టెది. నాలుగేళ్ళ క్రితం గుత్తగా సరుకు తెచ్చినప్పుడు అందులో పడి వచ్చింది. ఎవరూ అడగలేదు. మూడు డిస్కులు కొన్న వాళ్ళకి ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోలేదు. అందులో ఒక పడవ ఉంటుంది, ఒక ముసలి పడవవాడు ఉంటాడు, ఒక వెడల్పాటి నది ఉంటుంది. ఒడ్డున ఎవరో నిలబడతారు. ఎక్కించుకుని అవతలికి చేర్చాలి. ఎక్కిన మనిషి ఒకటో రెండో మాటలు చెబుతాడు. అంతే. గెలుపు లేదు, ఓటమి లేదు. పైన అంకెలు కూడా లేవు.

మొదటి రోజు ఒక చేపలబుట్ట మనిషిని దాటించారు. రెండో రోజు పెళ్ళికి ఆలస్యమైన మద్దెల వాయిద్యగాణ్ణి దాటించారు. మూడో రోజు ఒకావిడ ఎక్కి, నది మధ్యకి వచ్చాక, తనని మళ్ళీ ఎక్కిన ఒడ్డునే దింపెయ్యమంది. కామేశం గారు పడవ తిప్పారు. ఆవిడ ఎందుకు మనసు మార్చుకుందో గేము చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయన అన్నం తింటూ తింటూ ఆగిపోయారు.

"ఏంటండీ, ఉప్పెక్కువైందా?"

"కాదు. ఆవిడ ఎందుకు దిగిపోయిందంటావ్?"

"ఎవరండీ?" అన్నారు రత్నమాలగారు, చాలా నెమ్మదిగా.

పదకొండు రోజులు ఆడారు. అరవై మూడో ఫారం తీసుకుని పెన్ను పెట్టగానే దృఢము, మందము, సరిపడును ఏవీ రాలేదు. చాలాసేపు కూర్చుని 'బాగుంది' అని రాశారు. రాసి, ఇంకోసారి చదువుకున్నారు. ఎదుటి మనిషి లేకుండా, మొహం చూడకుండా, ఎవరికీ అమ్మే ఉద్దేశం లేకుండా ఒక మాట తన లోపల్నుంచి వచ్చింది. వర్తకుడికి ఇది మంచి లక్షణం కాదని ఆయనకి తెలుసు.

ఆ ఫారాల మీద తుది విచారణ భీమవరంలో, శాఖ వారి అద్దె భవనంలో. ముగ్గురు సభ్యుల మండలి. మధ్యలో అధ్యక్షురాలు ఇందుమతి గారు, ఎదురుగా జిల్లా మొత్తం నుంచి వచ్చిన అభిప్రాయాల కట్టలు.

"ఒకే గేము గురించి ఒక పట్టణ వర్తకుడు అద్భుతమనియు, మరొకరు చెత్తయనియు పేర్కొనుచున్నారు," అన్నారామె. "ఇది ప్రమాణమునకు విరుద్ధము. కావున మండలి ప్రతి గేముపై వచ్చిన అభిప్రాయములన్నింటిని కలిపి, సగటు తీసి, ప్రామాణిక అభిప్రాయమును స్థిరపరచినది."

గుమాస్తా జాబితా చదివాడు. కారు పందెం: ఫరవాలేదు. కత్తియుద్ధం: ఫరవాలేదు. బంతాట: ఫరవాలేదు. దెయ్యాలు: ఫరవాలేదు. నల్ల పెట్టె మీద ఫరవాలేదు, తెల్ల పెట్టె మీద కూడా ఫరవాలేదు. ఒక గేముకి మాత్రం 'దాదాపు ఫరవాలేదు' వస్తే, దాన్ని పునఃపరిశీలనకి పంపారట.

కామేశం గారు అరవై రెండు చోట్ల గబగబా సంతకాలు పెట్టారు. ఆయనకి పోయిందేమీ లేదు. ఆ అరవై రెంటిలో ఏదీ ఆయన మాట కాదు. ఇన్‌స్పెక్టరు తిరుపతిరావు కొత్త సీసం ముద్రలు ఒక్కొక్కటే నొక్కాడు. అరవై మూడో కాగితం వచ్చింది. పడవ గేము: ఫరవాలేదు.

పెన్ను ఆగింది.

"ఏమైనది?" అన్నారు అధ్యక్షురాలు.

"ఇది ఫరవాలేదు కాదండి. బాగుంది."

ఇన్ని నెలల్లో ఒక వర్తకుడు తన అభిప్రాయాన్ని నిజంగా నమ్ముతున్నానని చెప్పడం అదే మొదటిసారి. ముప్ఫై పేజీల నియమావళిలో దానికి నియమం లేదు. సభ్యులు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు.

"సంతకం చేయకున్న లైసెన్సు రద్దగును. తమకు తెలియును గదా?"

"తెలుసండి."

వెనక కుర్చీలోంచి రత్నమాలగారు ఆయన చొక్కా గట్టిగా లాగారు. "గంగాళాలండీ," అన్నారు మెల్లగా. కామేశం గారి కళ్ళ ముందు గంగాళాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. ముప్ఫై ఏళ్ళు. ఒక పక్క అవి. ఇంకో పక్క ఒక మాట, అదీ మూడక్షరాల మాట. ఏ కాటా మీద వేసినా ఎటు మొగ్గుతుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆయన పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టారు. సంతకం చివరి సున్నా చుట్టబోయి, మళ్ళీ ఆగారు.

"ఏమండీ, ఒక్క మాట. ఆవిడ నది మధ్యలో దిగిపోతానంటుందండి. అది చూశాక ఫరవాలేదు అని ఎలా అంటామండి?"

"ఎవరావిడ?" అన్నారు అధ్యక్షురాలు. "సాక్షియా?"

అప్పుడు కుడివైపు సభ్యుడు, అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని సన్నపాటి మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ గేము తమరు విక్రయించదలచినారా?"

కామేశం గారు ఆలోచించారు. నాలుగేళ్ళలో ఎవరూ కొనలేదు. ఇప్పుడెవరైనా కొంటామంటే ఇవ్వగలరా అని కూడా ఆలోచించారు.

"లేదండి. అమ్మను."

"విక్రయమునకు లేనిది సరుకు కాదు. సరుకు కానిదానిపై అభిప్రాయము ఈ శాఖ పరిధిలోనిది కాదు." ఆయన అధ్యక్షురాలి వైపు తిరిగాడు. "సదరు వ్యక్తి దాని గురించి తనకు తోచినది చెప్పుకొనవచ్చును. అమ్మినచో మాత్రము, అమ్మిన క్షణము నుండి ఫరవాలేదు వర్తించును. ఉల్లంఘించినచో లైసెన్సు రద్దు."

అరవై మూడో కాగితాన్ని చింపి, అరవై రెండింటికే లైసెన్సు ఇచ్చారు. ఇద్దరూ బస్సులో తిరుగు ప్రయాణమయ్యారు. తాడేరు దాటాక, "ఆవిడ ఎందుకు దిగిపోయిందో ఇంతకీ తెలిసిందాండీ?" అని రత్నమాలగారు అడిగారు. "లేదు" అన్నారు కామేశం గారు.

తర్వాత జరిగినదాన్ని ఏ వర్తకుడూ తన శత్రువుకైనా కోరుకోడు. కొట్టుకి వచ్చిన వాళ్ళు అరవై రెండు గేముల కింద అరవై రెండు సీసం ముద్రలతో ఫరవాలేదు అని చదివేవారు. చదివి విసుగెత్తి, "మీకేది నచ్చిందో అది చెప్పండి" అనేవారు. చట్టప్రకారం ఆయన నోరు విప్పగలిగింది ఒక్క గేము గురించే. విప్పేవారు. పడవ గురించి చెప్పేవారు, మద్దెలవాడి గురించి చెప్పేవారు, మనసు మార్చుకున్న ఆవిడ గురించి చెప్పేవారు. ముప్ఫై ఏళ్ళలో ఏ సరుకునీ అంత బాగా వర్ణించలేదు. విన్నవాళ్ళు కళ్ళు మెరుస్తూ, "ఇవ్వండి మరి" అనేవారు.

"అది అమ్మకానికి లేదండి."

నల్ల పెట్టె వాళ్ళూ తెల్ల పెట్టె వాళ్ళూ కలిసి వచ్చి అడిగారు. నరసాపురం నుంచి ఇద్దరు బస్సు దిగి వచ్చి అడిగారు. కొట్టులో వ్యాపారానికి పనికొచ్చే మాట ఒక్కటుంది, అది వ్యాపారానికి పనికిరాని వస్తువు మీద ఉంది. తన తెలివితక్కువతనానికి తనే ముచ్చటపడి కామేశం గారు ఒక్కోసారి తనలో తను నవ్వుకునేవారు. గంగాళాలు మాత్రం కాస్త బాగానే పోయాయి. ఇంత దూరం వచ్చాం గదా అని ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకెళ్ళేవారు.

ఒక ఆదివారం పొద్దున్న తిరుపతిరావు వచ్చాడు. చంకలో తోలు సంచీ లేదు. జేబులో పెన్నులూ లేవు. కాసేపు ఇడ్లీ పాత్రలు చూశాడు. తర్వాత కౌంటరు మీద రెండు చేతులూ పెట్టాడు.

"కామేశం గారూ, ఆ పడవది నాకిచ్చీండి."

కామేశం గారు ఆయన మొహం చూశారు. ఆ పని ఆయనకి కొత్త కాదు. ఎవరు బేరమాడతారో, ఎవరు ఊరికే తాకి చూసి పోతారో గుమ్మంలోనే చెప్పగలిగిన మనిషి. ఇది శాఖ వారి ఎత్తు కావచ్చు. అమ్మి, ఆ తర్వాత బాగుందని నోరు జారితే ఇంకేముంది, గంగాళాలతో సహా అంతా పోతుంది. కాని ఆ మొహంలో సదరు, పైన ఉదహరించిన లాంటివేవీ కనిపించలేదు.

"మీకెందుకండి?"

"మా ఊరు నాగావళి ఒడ్డున. సిన్నప్పుడు మా తాత పడవేసీవోడు." కాస్త ఆగి, "ఆవిడెవరో మధ్యలో దిగిపోతానంటాది అన్నారు గదా ఆరోజు. అది బుర్రలోంచి పోతం లేదండి. ఎంతైనా ఇత్తాను. ఇచ్చీండి."

కామేశం గారు గాజు అర లోంచి పడవ గేమున్న ఆ చిన్న పెట్టె బయటికి తీశారు. దాన్ని అటూ ఇటూ తిప్పి, పంచె కొంగుతో తుడిచారు. ఇస్తున్నారనుకుని తిరుపతిరావు చెయ్యి చాపాడు.

"అమ్మనండి," అన్నారు కామేశం గారు.

"ఎందుకండీ? నేనెవులికీ సెప్పను."

"అది కాదండి. అమ్మితే ఫరవాలేదు అయిపోద్ది."

తిరుపతిరావు చాపిన చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఆలోచించాడు. ఆ నియమం తన శాఖదే. దాని అర్థం అంత సూటిగా ఆయనకి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

కామేశం గారు కౌంటరు పక్కనున్న స్టూలు ముందుకి జరిపి, పెట్టెని దాని మీద పెట్టారు.

"మీరు కూర్చోండి. ఒడ్డు మీద ఎవరో నిలబడున్నారు పాపం, పొద్దుట్నుంచీ."